మార్జాలానికి ఒక ఇల్లు

తెలుగు సామెతలలో పిల్లి చేసినంత సంచారం మరే పెంపుడు జంతువూ చేసి ఉండదు. ఎటూ తేల్చక రెండు పక్షాలకూ నచ్చేటట్లు మాట్లాడే వానిని ‘గోడ మీది పిల్లి’ అంటారు. తన దొంగతనం లోకానికి తెలియదనుకొనే వానిని కళ్ళు మూసుకొని పాలు త్రాగే పిల్లితో పోలుస్తారు. ఒకరి వినోదం మరొకరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అని నిట్టూరుస్తారు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో జరద్గవమనే ముసలి గ్రద్దను నమ్మించి మోసగించినదీ ఒక మార్జాలమే. ఇన్ని అపవాదులు మోస్తున్న ఈ జంతువుకు వేదాంతులు మాత్రం ఒక గౌరవస్థానం ఇచ్చారు. విశిష్టాద్వైతంలో ‘మార్జాలకిశోర న్యాయం’ అని ఒక దృష్టాంతం ఉన్నది. కోతిపిల్ల తానే తల్లి పొట్టను గట్టిగా పట్టుకొని ఉంటుంది. పిల్లికూన అలా కాదు, అది ఏ ప్రయత్నమూ చేయదు. తల్లి దానిని నోట కరచుకొని సురక్షిత స్థలానికి చేరుస్తుంది. జీవుని శరణాగతికి పిల్లికూనను ఉపమానంగా తీసుకోవడం ఎంత సూక్ష్మమైన పరిశీలనో, తల్లిని కోల్పోయిన కూనను ఒక్కసారి చూచినవారికి అర్థమవుతుంది. ఎత్తి పట్టుకొనే నోరు లేకపోతే దానికి వేరే గతి లేదు.

పిల్లికీ మనిషికీ పరిచయం ఈనాటిది కాదు. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి ఒక సమాధిలో మనిషి అస్థిపంజరం ప్రక్కనే పిల్లి అస్థిపంజరం కూడా బయటపడినట్లు 2004లో పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ ద్వీపంలో సహజంగా పిల్లులు ఉండేవి కావు. అంటే ఎవరో దానిని పడవలో వెంట తీసుకొనిపోయి ఉండాలి. వ్యవసాయం మొదలై, ధాన్యం నిలువచేసిన చోట ఎలుకలు చేరి, ఎలుకల వెంట అడవిపిల్లి ఊరిలోకి వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కుక్కను మనిషి మచ్చిక చేశాడు. పిల్లి మాత్రం తనంతట తానే గడప దాటి లోపలికి వచ్చింది. ఆ స్వతంత్రత దాని నడకలో ఈనాటికీ కనిపిస్తుంది.

ధాన్యం ఉన్నచోటికి వచ్చిన ఆ జంతువు ఇప్పుడు కర్మాగారాలు ఉన్నచోట కూడా కనిపిస్తున్నది. హైదరాబాదు నుండి జాతీయ రహదారి 65 మీదుగా పడమరకు పోతే రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటి సంగారెడ్డి వస్తుంది. 1960ల నాటి భెల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, ఆ తరువాత పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడలు ఈ ప్రాంతం రూపురేఖలను మార్చివేశాయి. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా నుండి విడివడి సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయింది. ఇక్కడి జనాభాలో పెద్దభాగం పని కోసం వచ్చినవారు. శ్రీకాకుళం నుండి, ఒడిశా నుండి, బీహారు నుండి వచ్చి ఒకే వరుసలో కట్టిన అద్దె గదులలో ఉంటారు. కాంట్రాక్టు ముగియగానే మరొక చోటికి పోతారు. కంపెనీ క్యాంటీను వెనుక, గోదాముల సందులలో, లారీలు నిలిపే చోట తిరిగే పిల్లులలో కొన్ని అక్కడే పుట్టినవి. కొన్ని మాత్రం ఒకనాడు ఏదో ఒక గదిలో పేరు పెట్టి పిలువబడినవి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బిందెలు, మంచాలు, గ్యాసు పొయ్యి ఆటోలోకి ఎక్కుతాయి. పిల్లి గోడ మీద కూర్చొని చూస్తూ ఉండిపోతుంది. ‘కుక్క మనిషిని నమ్ముకొంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకొంటుంది’ అనే మాట ఇటువంటి సమయాలలో మనస్సాక్షికి మంచి ఊరట. కాని అది నిజం కాదు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 64 శాతం పిల్లికూనలు తమను పెంచేవారితో, పసిపిల్లలు తల్లితో ఏర్పరచుకొనే అనుబంధం వంటి దానినే ప్రదర్శించాయి. కొత్తచోట భయపడినప్పుడు అవి వెదకినది గోడలను కాదు, మనిషిని.

ఇలా విడిచిపెట్టడం చట్టరీత్యా నేరం కూడా. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా చేసిన కృషి దీనికి మూలం. ఆ చట్టం క్రింద 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదలివేయడాన్ని ఆ చట్టంలోని 11వ సెక్షన్ శిక్షార్హం చేసింది. అయితే మొదటి తప్పుకు విధించే జుర్మానా పది రూపాయల నుండి యాభై రూపాయలు మాత్రమే. ఆరు దశాబ్దాల క్రిందట యాభై రూపాయలు చిన్న మొత్తం కాదు. ఈనాడు అది ఒక పూట భోజనానికి చాలదు. శిక్ష ఇంత స్వల్పమైనప్పుడు చట్టం భయపెట్టలేదు. అందువల్ల ఆ బాధ్యత ఆశ్రయ కేంద్రాల మీద పడింది.

జంతు ఆశ్రయ కేంద్రాలు అన్నీ ఒక తీరుగా ఉండవు. పాశ్చాత్య నగరాలలో చాలాకాలం పాటు వీధిలో దొరికిన పిల్లులను, కుక్కలను కొన్ని దినాలు ఉంచి, ఎవరూ రాకపోతే వాటికి మరణాన్ని కలిగించే సూదిమందు ఇచ్చేవారు. స్థలం చాలకపోవడమే అందుకు కారణం, రోగం కాదు. ఆ ఆనవాయితీకి ఎదురు నిలిచిన పద్ధతిని ఆంగ్లంలో ‘నో-కిల్’ అన్నారు. తెలుగులో దానిని ‘వధరహిత ఆశ్రయం’ అనవచ్చు. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని జంతుసంరక్షణ సంఘం అక్కడి నగరపాలక విభాగంతో ఒక ఒప్పందం కుదుర్చుకొన్నది. ఆరోగ్యంగా ఉన్న ఏ కుక్కనూ, ఏ పిల్లినీ చంపకుండా ఇల్లు చూపించే పూచీ తనదని ఆ సంఘం అంగీకరించింది. ఈ ఉద్యమం వ్యాపించడానికి అది పెద్ద ఊతమైనది. చేరిన జంతువులలో నూటికి తొంభై ప్రాణాలతో బయటపడితే ఆ కేంద్రాన్ని వధరహితంగా పరిగణించడం ఇప్పుడు అక్కడ వాడుక. మిగిలిన పది మాటేమిటి? కోలుకొనే ఆశ లేక నరకయాతన పడుతున్న జంతువులు వాటిలో ఉంటాయి. వాటి బాధను వైద్యుడు ముగించడాన్ని ఈ పద్ధతి కాదనదు. చోటు లేదన్న కారణంతో ప్రాణం తీయరాదన్నదే దీని నియమం. ఈ రెండింటికీ గల భేదాన్ని గుర్తించకపోతే ఆశ్రయ కేంద్రాల పట్ల అన్యాయమైన నిందలు పుట్టుకొస్తాయి.

తెలుగునాట ఈ కృషికి పేరెన్నిక గన్న సంస్థ బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్. నటి అక్కినేని అమల దీనిని 1992లో ప్రారంభించారు. జూబ్లీహిల్స్‌లోని ఈ కేంద్రం గాయపడిన, అనాథలైన జంతువులకు చికిత్స, వీధికుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు, కోలుకొన్నవాటికి దత్తత గృహాలు వెదకడం వంటి పనులు చేపట్టింది. విశాఖపట్నంలో 1996 నుండి పనిచేస్తున్న జంతు క్రూరత్వ నివారణ సంఘం, పుట్టపర్తిలో 2000లో మొదలైన కరుణ సొసైటీ ఇదే కోవకు చెందినవి. వీటన్నింటికంటె ముందు, 1959లోనే చెన్నైలో విమాన చోదకుడు కెప్టెన్ సుందరం బ్లూక్రాస్ ఆఫ్ ఇండియాకు నాంది పలికారు. పటాన్‌చెరు, సంగారెడ్డి వాసులకు జూబ్లీహిల్స్ మరీ దూరం కాదు, బస్సులో వెళ్ళి ఒక పూటలో తిరిగి రాగల దూరమే.

వధరహిత ఆశ్రయం ఎలా నిలబడుతుందో, ఎక్కడ కూలిపోతుందో తెలియాలంటే చిన్న లెక్క వేయవలసి ఉంటుంది. ఒక కేంద్రంలో నలభై పిల్లులకు చోటు ఉన్నదనుకొందాం. నెలకు పన్నెండు పిల్లులు వచ్చి చేరుతూ, పన్నెండింటికి ఇళ్ళు దొరుకుతూ ఉంటే ఆ కేంద్రం ఎన్నేళ్ళయినా నడుస్తుంది. దొరికే ఇళ్ళు తొమ్మిదికి తగ్గితే నెలకు మూడు చొప్పున మిగిలిపోతాయి. ఖాళీగా మొదలైన కేంద్రమైనా పద్నాలుగో నెలలో నిండిపోతుంది. అప్పుడు ముందున్న దారులు రెండే. తలుపు మూసి, వచ్చినవారిని తిప్పి పంపడం ఒకటి. ఉన్న చోటులోనే ఇరికించడం రెండవది. ఇరుకులో పిల్లులకు జలుబు, కండ్లకలక వంటివి క్షణాలలో ప్రాకుతాయి. పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతకమైన వైరస్ వ్యాధి ప్రవేశిస్తే టీకా పడని కూనలు రెండు మూడు దినాలలోనే నేలకు ఒరిగిపోతాయి. చంపరాదన్న నియమం పెట్టుకొన్న చోట చావు ఈ విధంగా వెనుక వాకిలి నుండి వస్తుంది. కాబట్టి దత్తత తీసుకొనేవారు చేసేది ఒక పిల్లిని ఉద్ధరించడం మాత్రమే కాదు. అది వదలిన గూడులోకి రాబోయే మరొక పిల్లికి చోటు చూపడం కూడా. సంతలో గాని, దుకాణంలో గాని డబ్బు పెట్టి జాతి పిల్లిని కొనుక్కొన్నప్పుడు ఈ రెండవ మేలు జరగదు. పైగా మరిన్ని కూనలను పుట్టించమని అమ్మకందారుకు చెప్పినట్లవుతుంది.

అయితే దొరికిన ప్రతి కూననూ ఆశ్రయానికి చేర్చడం కూడా మేలు కాదు. ‘పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుంది’ అని పెద్దలు అంటారు. అది వట్టి మాట కాదు. శత్రుభయం కలిగినా, చోటు మురికి అయినా తల్లి పిల్లి కూనలను ఒక్కొక్కదానినే మరొక తావుకు మారుస్తుంది. మొదటి కూనను దింపి రెండవదాని కోసం వచ్చేసరికి ఎవరో దయగలవారు దానిని అట్టపెట్టెలో పెట్టి తీసుకొనిపోతే తల్లి వెదకి వెదకి వెనుదిరుగుతుంది. కూన శుభ్రంగా, వెచ్చగా, నిండు పొట్టతో నిద్రిస్తున్నట్లయితే తల్లి దగ్గరలోనే ఉన్నదని గ్రహించాలి. కొన్ని గంటలు దూరం నుండి కనిపెట్టి చూడాలి. ఒళ్ళు చల్లబడి, ఆగకుండా అరుస్తూ, చీమలు పట్టి ఉంటే మాత్రం ఆలస్యం చేయరాదు. అటువంటి దానికి పాలు పట్టడానికి ముందు ఒంటికి వెచ్చదనం కలిగించాలి. చల్లబడిన కూనకు పాలు జీర్ణం కావు.

దత్తతకు పోయినవారిని కేంద్రంలో అనేక ప్రశ్నలు అడుగుతారు. సొంత ఇల్లా, అద్దె ఇల్లా? అద్దె ఇల్లయితే యజమాని అంగీకరించారా? ఇంట్లో ఎందరు ఉన్నారు? వారిలో పిల్లి అంటే గిట్టనివారెవరైనా ఉన్నారా? పగలు ఇంట్లో ఎవరుంటారు? కిటికీలకు, బాల్కనీకి వల ఉన్నదా? గుర్తింపు పత్రం, చిరునామా, ఒక ఒప్పంద పత్రం మీద సంతకం కూడా కోరడం పరిపాటి. కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. ‘ఊరికే తిరిగే పిల్లిని ఇవ్వడానికి ఇంత తతంగమా’ అని విసుక్కొంటారు. కాని ఒకసారి విడిచిపెట్టబడిన జంతువును రెండవసారి అదే గతి పాలు చేయకుండా కాపాడడానికి వారి చేతిలో ఉన్న సాధనం ఆ ప్రశ్నలు ఒక్కటే. ఇంట్లో పెరిగే పిల్లి పన్నెండు నుండి పదునెనిమిది సంవత్సరాలు బ్రతుకుతుంది. జూనియర్ కళాశాలలో చదివే పదిహేడేళ్ళ విద్యార్థి ఈ రోజు తెచ్చుకొన్న కూన అతడికి ముప్పై నిండే వరకు తోడు ఉండవచ్చు. ఆ మధ్యలో ఇంజనీరింగు చదువు, హాస్టలు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ వస్తాయి. అందువల్ల నిర్ణయం విద్యార్థిది ఒక్కడిదే కారాదు. అమ్మానాన్నలు మనస్ఫూర్తిగా ఒప్పుకొన్న ఇంటికే పిల్లిని తీసుకొనిపోవాలి.

ఎటువంటి పిల్లిని తెచ్చుకోవాలనే విషయంలో చాలామంది పొరపడతారు. కేంద్రానికి వచ్చినవారి చూపు ముందు రెండు నెలల కూనల మీద పడుతుంది. ఆ ముద్దులొలికే వయస్సు నాలుగు నెలలలో దాటిపోతుంది. ఈలోగా అది తెరలు ఎక్కుతుంది, పుస్తకాలు చింపుతుంది, రాత్రి రెండు గంటలకు మంచం క్రింద పరుగు పందెం పెడుతుంది. భార్యాభర్తలిద్దరూ షిఫ్టు పనికి పోయే ఇంటికి రెండు మూడేళ్ళ పిల్లియే తగినది. దాని స్వభావం అప్పటికే స్థిరపడి ఉంటుంది. శస్త్రచికిత్స, టీకాలు సాధారణంగా పూర్తయి ఉంటాయి. ఇసుక తొట్టిలో మలమూత్ర విసర్జన అలవాటై ఉంటుంది. అయినా ఏళ్ళ తరబడి కేంద్రంలో మిగిలిపోయేవి ఇవే. ఒంటి కన్నుది, కాలు కుంటిది, వయస్సు మళ్ళినది, అన్నిటికీ మించి నల్లనిది. నల్లపిల్లి ఎదురైతే అపశకునమని నమ్మి బయలుదేరినవారు వెనుదిరగడం ఇప్పటికీ ఉన్నది. శకునం సంగతి ఎలా ఉన్నా, ఎదురైనందువల్ల అసలు నష్టం కలిగేది పిల్లికే. రాళ్ళు రువ్వబడేది దాని మీదనే కదా.

తీసుకొని వచ్చేటప్పుడు గాలి ఆడే జాలీ బుట్ట, దాని మీద కప్పడానికి పలుచని వస్త్రం అవసరం. ఒడిలో పెట్టుకొని ఆటోలోనో బస్సులోనో రావడం ప్రమాదకరం. రహదారి మీద లారీ మోత విని బెదరిన పిల్లి గోళ్ళతో చీరుకొని దూకిందంటే మళ్ళీ చేతికి చిక్కదు. తల్లి పిల్లి కూనను మెడ వెనుక చర్మం పట్టి మోస్తుంది కదా అని పెద్ద పిల్లిని అలా ఎత్తేవారు ఉన్నారు. ఆ పట్టుకు ఒళ్ళు సడలించి ఊరుకోవడం పసితనపు లక్షణం. ఎదిగిన పిల్లికి అది నొప్పినీ భయాన్నీ కలిగిస్తుంది. ఒక చేయి ఛాతీ క్రింద, మరొక చేయి వెనుక కాళ్ళ క్రింద ఉంచి ఎత్తాలి.

ఇంటికి వచ్చిన పిల్లికి మొదట ఇల్లంతా చూపించరాదు. ఒక గది చాలు. అందులో ఒక మూల నీరు, ఆహారం. వాటికి దూరంగా మరొక మూల ఇసుక తొట్టి. దాగుకోవడానికి ప్రక్కకు తిప్పి పెట్టిన ఒక అట్టపెట్టె. మొదటి రెండు మూడు దినాలు అది మంచం క్రింది నుండి బయటకు రాకపోవచ్చు. పగలు తినక రాత్రి తినవచ్చు. చుట్టుప్రక్కల పిల్లలను పిలిచి ప్రదర్శన పెట్టడానికి ఇది సమయం కాదు. దానిని లాగకుండా, అదే గదిలో ఎవరైనా మౌనంగా కూర్చొని చదువుకోవడం ఉత్తమమైన ఉపాయం. పరీక్షలకు తయారయ్యే విద్యార్థులకు ఇంతకంటె అనువైన సేవ లేదు. అయితే ఇరవైనాలుగు గంటలకు మించి ఏమీ ముట్టకపోతే వైద్యుని సంప్రదించాలి. ఎక్కువ రోజుల పస్తు పిల్లి కాలేయానికి హాని చేస్తుంది.

ఆహారం విషయంలో తెలుగువారి మనస్సులో తెనాలి రామకృష్ణుని పిల్లి తిష్ఠవేసుకొని ఉన్నది. రాయలవారు పిల్లికి పాలు పోయడానికి ఆవును కూడా ఇవ్వగా, రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి దానిని జన్మలో పాలు ముట్టకుండా చేశాడనే చాటుకథ అందరూ విన్నదే. హాస్యానికి అది గొప్ప కథ, పిల్లికి మాత్రం కాదు. విచిత్రమేమంటే ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకొంటాయి. పెరుగన్నంతో సరిపెట్టడం మరొక పొరపాటు. పిల్లి శుద్ధ మాంసాహారి. దాని శరీరానికి టారిన్ అనే పదార్థం తప్పనిసరి. అది మాంసం, చేపలలోనే లభిస్తుంది. అది కొరవడితే పిల్లి చూపు పోతుందని 1975లోనూ, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనూ పరిశోధకులు నిరూపించారు. శాకాహార కుటుంబాలు ఈ సంగతిని దత్తతకు ముందే నిజాయితీగా ఆలోచించుకోవాలి. ఉడికించిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప వంటింట్లోకి రాకూడదనుకొంటే టారిన్ కలిపి తయారుచేసిన పిల్లుల ఆహారం పొట్లాలలో దొరుకుతుంది. అదీ మాంసంతో చేసినదే. ఇందుకు మనస్సు ఒప్పని ఇంట్లో కుందేలునో చిలుకనో కాదు, అసలు ఏదీ పెంచకుండా ఆశ్రయ కేంద్రానికి విరాళం పంపడమో, సెలవు దినాలలో అక్కడ సేవ చేయడమో సముచితం. చిలుకలను పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరలు పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. జ్వరం వచ్చిందని సగం పారాసెటమాల్ మాత్ర వేసినా ప్రాణం పోతుంది. ఆ మందును విరగగొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు.

టీకాలు ఎనిమిది వారాల వయస్సులో మొదలై మూడు నాలుగు వారాల వ్యవధితో పునరావృతమవుతాయి. మూడు నెలలు నిండిన తరువాత రేబీస్ టీకా వేయిస్తారు. రేబీస్ కుక్క కాటుతోనే వస్తుందనుకోవడం ప్రమాదం. వ్యాధి సోకిన పిల్లి కాటుతోనూ వస్తుంది. టీకా సంగతి తెలియని పిల్లి కరచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ వెంటనే ఆసుపత్రికి పోవాలి. పసుపు, సున్నం పూసి ఊరుకోరాదు. గర్భవతులున్న ఇంట్లో పిల్లిని వదలివేయాలని బంధువులు ఒత్తిడి చేస్తుంటారు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల గర్భస్థ శిశువుకు హాని కలుగవచ్చునన్నది వాస్తవమే. అది పిల్లి మలంలో వెలువడిన తరువాత ఇతరులకు సోకే దశకు రావడానికి కనీసం ఒక దినం పడుతుంది. ఇసుక తొట్టిని గర్భవతి కాక ఇంట్లో మరొకరు ప్రతిదినం శుభ్రం చేసినట్లయితే, పచ్చిమాంసం పెట్టకుండా ఉన్నట్లయితే ఆ భయం చాలావరకు తొలగుతుంది. పిల్లిని వదలవలసిన అవసరం ఏర్పడదు.

సంతాన నియంత్రణ శస్త్రచికిత్సను చాలామంది పాపంగా భావిస్తారు. ఆడపిల్లి అయిదారు నెలలకే చూలు కట్టగలదు. తొమ్మిది వారాలలో ఈనుతుంది. ఈతకు మూడు నాలుగు కూనలు, సంవత్సరానికి రెండు మూడు ఈతలు. ఆ కూనలన్నింటికీ ఇళ్ళు చూపగలిగినవారు ఎవరూ లేరు. లారీ చక్రాల క్రింద, కుక్కల నోట, ఆకలితో రాలిపోయేవాటిని లెక్కించకుండా ఒక్క శస్త్రచికిత్సను మాత్రం పాపమనడం సరికాదు. కూనను చిన్న వయస్సులో దత్తత ఇచ్చినప్పుడు సకాలంలో శస్త్రచికిత్స చేయిస్తామని రాయించుకొనేది ఇందుకే.

పారిశ్రామికవాడలో పిల్లిని పెంచేవారికి మరికొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. పిల్లి తన ఒంటిని నాకి శుభ్రపరచుకొంటుంది. పాదాలకు అంటినది ఏదైనా కడుపులోకి పోవలసిందే. షెడ్డు నేలమీద ఒలికిన రసాయనం, ఇంట్లో చల్లిన ఫినాయిల్, చివరికి పని నుండి వచ్చిన మనిషి బూట్లకు అంటిన పొడి కూడా ఆ దారినే లోపలికి చేరుతుంది. వాహనాల రేడియేటరులో పోసే కూలెంట్ తియ్యగా ఉంటుంది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ కొద్ది చుక్కలైనా మూత్రపిండాలను పాడుచేస్తుంది. గోదాములలో పెట్టిన ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నా ముప్పే. శీతకాలపు రాత్రులలో వెచ్చదనం కోసం అది అప్పుడే నిలిపిన లారీ ఇంజనులోకి దూరుతుంది. తెల్లవారుజామున బండి తీసే డ్రైవరు బానెట్ మీద రెండు సార్లు చరిస్తే లోపల నిద్రించేది బయటకు దూకి పారిపోతుంది. ఇన్ని కారణాల వల్ల ఈ ప్రాంతంలో దత్తత తీసుకొన్న పిల్లిని ఇంటి లోపలనే ఉంచడం మంచిది. కిటికీకి ఒక వల, ఎక్కడానికి ఒక అలమర పైభాగం, సాయంత్రం పావుగంట ఆట ఉంటే అది లోపలి జీవితానికి సుఖంగా అలవాటుపడుతుంది. ఎలుకలు పట్టడానికని గోదాముకు పిల్లిని అడిగేవారికి కేంద్రాలవారు ఇవ్వడానికి వెనుకాడడం కూడా ఇందువల్లనే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా కొన్ని ఇళ్ళలో పరిస్థితులు తారుమారు అవుతాయి. ఇంట్లో ఒకరికి పిల్లి వల్ల ఉబ్బసం తీవ్రమవుతుంది, కర్మాగారం మూతపడుతుంది, కుటుంబం ఊరు మారవలసి వస్తుంది. అప్పుడు పిల్లిని రైతుబజారు దగ్గరో, గుడి మెట్ల మీదో వదలక, తెచ్చిన కేంద్రానికే తిరిగి అప్పగించాలి. ఒప్పంద పత్రాలలో ఈ షరతు సాధారణంగా ఉంటుంది. చోటు ఖాళీ అయ్యే వరకు కొన్ని వారాలు ఆగవలసి రావచ్చు కాబట్టి ఇల్లు ఖాళీ చేసే నాటికి కాక, కదలబోతున్నట్లు తెలిసిన నాడే కబురు చేయాలి. వెంట తీసుకొనిపోదలచినవారు ప్రయాణానికి ముందు పశువైద్యుని వద్ద ఆరోగ్య ధ్రువపత్రం తీసుకొని, రైల్వే స్టేషనులోని పార్శిల్ కార్యాలయంలో నియమాలు, రుసుము విచారించుకోవాలి. బయలుదేరడానికి ఒక వారం ముందు నుండే జాలీ బుట్టను మూత తీసి గదిలో ఉంచి, అందులో ఆహారం పెడుతూ ఉంటే, ప్రయాణం నాటికి పిల్లి తనంతట తానే దానిలోకి వెళ్ళి కూర్చుంటుంది.